మాటకు రూపాయిన్నర

కబ్బన్‌పేట అడ్డరోడ్డులో
కింద పవర్‌లూమ్ ఆడుతూనే ఉంది.
మిద్దె మీద నేను
ఒక జపాను విశ్వవిద్యాలయాన్ని
తెలుగులోకి దించుతున్నాను.
మాటకు రూపాయిన్నర.

నలభై పేజీల పరిచయ పుస్తకం.
కోలారు, హిందూపురం, మదనపల్లె పిల్లల కోసమట.
గిరినగర్ ఏజెంటు నంజుండ శెట్టి ముందే చెప్పాడు:
"ఫీజు, స్కాలర్‌షిప్పు,
హాస్టల్లో సాంబారు దొరుకుతుందా లేదా,
ఇవి బాగా రావాలమ్మా.
చరిత్ర ఎవరు చదువుతారు?"

నేను చరిత్రతోనే మొదలుపెట్టాను.
పట్టుదారం తీసే ఊళ్ళో
ఒక నూలు వ్యాపారి
గిడ్డంగి ఖాళీచేసి పెట్టిన రాత్రిబడి.
పదకొండు మంది, రెండు లాంతర్లు,
అరువు తెచ్చిన నల్లబల్ల.
పగలంతా మరిగే నీళ్ళలో పట్టుగూళ్ళు తిప్పి,
నానిన వేళ్ళతో కూడికలు నేర్చుకునేవాళ్ళట.
శిడ్లఘట్టలో దారం తీసిన మా అమ్మమ్మ
వేళ్ళు గుర్తొచ్చి
ఆ వాక్యం దగ్గర టీ చల్లారిపోయింది.

జపాను వాక్యం నాకు కొత్తగా ఉండదు.
క్రియ చివరికే వస్తుంది,
పంక్తి అంతా లేచాక తినే వంటమనిషిలా.
ఇంగ్లీషుకైతే వాక్యాన్ని బోర్లించాలి,
తెలుగుకు కాస్త పక్కకు జరిపితే చాలు.

అయినా 'ప్రైవేటు' దగ్గర ఆగాను.
మన దగ్గర ఆ మాట అనగానే
ఫ్లెక్సీ మీద ర్యాంకుల మొహాలు,
కాలేజీ బస్సు కిటికీలకు కమ్మీలు.
వాళ్ళు రాసేది రెండే అక్షరాలు:
'నేను' ఒకటి, 'నిలబడు' ఒకటి.
శెట్టికి ఫోన్ చేస్తే నవ్వాడు:
"ప్రైవేటు అనే రాయండి.
నిలబడేది తల్లిదండ్రులు, బ్యాంకులో."

భూకంపానికి గోడలు పోయాయి, మళ్ళీ కట్టారు.
నేత విభాగం రసాయనమైంది,
రసాయనం పదార్థ విజ్ఞానమైంది,
ఇప్పుడు తెగిన నరాన్ని అతికే గొట్టాలు చేస్తున్నారు.
అదీ పట్టుతోనే.
తిరిగి తిరిగి గిడ్డంగికే వచ్చారనిపించి నవ్వుకున్నాను.

పంతొమ్మిదో పేజీలో పట్టిక.
ఏడాది, ఎదురుగా విద్యార్థుల సంఖ్య.
1943: 612
1944: 41
1946: 233
మధ్యలో ఏమీ లేదు.
కింద చిన్న అక్షరాల్లోనూ లేదు.

ఆ భాషలో మనుషుల్ని లెక్కపెడితే
అంకె పక్కన 'పేరు' అనే అక్షరం పెడతారు.
ఆరువందల పన్నెండు పేర్లు.
నలభై ఒక్క పేర్లు.
పేజీ తిప్పి చూశాను,
ఒక్క పేరూ లేదు.

విదేశీ విద్యార్థుల విభాగంలో
కుసునోకి గారికి మెయిల్ పెట్టాను.
నాలుగు రోజులకు, శనివారం జవాబు:
"పేర్లు ఉన్నాయి. నేలమాళిగలో, మూడో బీరువా.
ఈ పుస్తకంలో వేయడం లేదు.
ఇంగ్లీషు అనువాదకులు అడగలేదు, చైనీసు వాళ్ళూ అడగలేదు.
మీరు అడిగినందుకు..."
అక్కడ ఆపేశారు, క్రియ లేకుండా.
తల వంచారో, తప్పుకున్నారో
ఇంతవరకూ తేల్చుకోలేదు నేను.

శెట్టి లెక్క వేరు.
ఆయన కంప్యూటర్లో అంకెలు మాటలు కావు.
అంకెలకు డబ్బు లేదు.

రాత్రి పదిన్నరకు కరెంటు పోయింది.
కింద లూమ్ ఆగింది,
వీధి మొత్తం ఒక్కసారిగా ఆగింది.
ల్యాప్‌టాప్‌లో పదకొండు శాతం.
ఏడాదులు వదిలేసి
ఎదుటి అంకెలు మూడూ చెరిపి
అక్షరాల్లో రాశాను,
ప్రతిదాని పక్కనా మన 'మంది' చేర్చి.
ఆరువందల పన్నెండు మంది.
నలభై ఒక్క మంది.
రెండువందల ముప్ఫై మూడు మంది.

పది మాటలు. పదిహేను రూపాయలు.
శెట్టి కొట్టేస్తాడు, తెలుసు.
కొట్టేయాలంటే
ముందు చదవాలి కదా.